వెదజల్లిన మాట

ఒకచోట ఉన్నదాన్ని నలువైపులకూ చేరేలా బయటికి పంపడం అనే భావానికి ఇంగ్లీషులో చాలా మాటలు ఉన్నా, వాటిలో తెలుగువారి నోట రోజూ నలిగేది బ్రాడ్‌కాస్ట్. టీవీ వార్తల్లోనూ, వాట్సాప్‌లో ఒకే సందేశాన్ని ఎందరికో ఒక్కసారిగా పంపే జాబితా పేరులోనూ, కంప్యూటర్ నెట్‌వర్కుల పాఠంలోనూ ఈ మాట కనిపిస్తుంది. చిన్న నిఘంటువులు దీనికి ‘ప్రసారం చేయు’ అని ఒక్క అర్థం ఇచ్చి ఊరుకుంటాయి. ఆ అర్థం తప్పు కాకపోయినా, దానితోనే సరిపెట్టుకున్నవారికి మాట పైపొట్టు మాత్రమే దక్కుతుంది. పరాయి మాటను సొంతం చేసుకోవాలంటే దాని వెనుక మొదట ఏ పని ఉండేదో, ఏ చెయ్యి ఎలా కదిలేదో తెలుసుకోవడం అన్నిటికంటే మంచి దారి. బ్రాడ్‌కాస్ట్ విషయంలో ఆ పని తెలుగు పల్లెల్లో ఇప్పటికీ కళ్లెదుట జరిగేదే కాబట్టి ఈ అధ్యాయం ఆ మాటనే పట్టుకుని నడుస్తుంది. తనకు తెలిసిన విషయాన్ని పదిమందికి పంచాలనుకునే వ్యక్తి దాన్ని ఏ పద్ధతిలో పంచాలన్న ప్రశ్నకు కూడా ఆ పనిలోనే సమాధానం దొరుకుతుంది.

బ్రాడ్ అంటే వెడల్పైన, కాస్ట్ అంటే విసరడం. మొదటిది పాత ఇంగ్లీషు మాట. రెండోది వైకింగుల కాలంలో ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియా ప్రజల నార్స్ భాషలోని ‘కాస్టా’ అనే క్రియ నుంచి వచ్చింది. వల విసరడానికీ, ఓటు వేయడానికీ, కరిగిన లోహాన్ని మూసలో పోయడానికీ ఇంగ్లీషువారు ఈ క్రియనే వాడతారు. తెలుగు లిపిలో కాస్ట్ అని రాసినప్పుడు విసరడం, ఖర్చు, కులం అనే మూడు వేర్వేరు ఇంగ్లీషు మాటలు ఒకే రూపంలోకి వచ్చి పడతాయి కాబట్టి ఇక్కడ కొంత జాగ్రత్త అవసరం: ఖర్చును చెప్పే మాట లాటిన్ నుంచీ, కులాన్ని చెప్పే మాట పోర్చుగీసు నుంచీ వచ్చాయి, విసరడాన్ని చెప్పే నార్స్ క్రియతో ఆ రెండింటికీ చుట్టరికం లేదు. వాతావరణ సూచనకు వాడే ఫోర్‌కాస్ట్‌లో ఉన్నది మాత్రం ఈ క్రియే, అయితే అక్కడ అది విసరడం అనే అర్థాన్ని దాటి ముందుగా లెక్కకట్టడం అనే అర్థానికి చేరింది.

ఈ రెండు మాటలూ కలిసి బ్రాడ్‌కాస్ట్‌గా అచ్చులో కనిపించడం 1767 నాటి సంగతి. అప్పుడది విశేషణం, చేలో గింజలను చేత్తో వెడల్పుగా చల్లే పద్ధతికి పేరు. 1785 నాటికి దాన్ని గింజలతో సంబంధం లేని విషయాలకూ అలంకారంగా వాడటం మొదలైంది, 1813 నాటికి క్రియగా మారింది, రేడియోకు అన్వయించింది 1920ల మొదట్లో మాత్రమే. అంటే మాట వయసులో ఒకటిన్నర శతాబ్దం చాలావరకు మట్టిలోనే గడిచింది. గింజలు చల్లడం వ్యవసాయమంత పాతదైనప్పుడు దానికి ప్రత్యేకంగా పేరు పెట్టవలసిన అవసరం పద్దెనిమిదో శతాబ్దంలోనే ఎందుకు కలిగిందన్న సందేహం రావడం సహజం. విత్తడమంటే చల్లడమే అయినంత కాలం ‘విత్తడం’ అన్న మాట ఒక్కటే సరిపోతుంది. మరో పద్ధతి పక్కకు వచ్చి నిలబడినప్పుడే పాత పద్ధతికి కొత్త పేరు కావలసి వస్తుంది.

ఇంగ్లండులో అలా పక్కకు వచ్చి నిలబడినది విత్తన యంత్రం. బర్క్‌షైర్‌లో 1674లో పుట్టిన జెత్రో టల్ 1701 ప్రాంతంలో గింజలను సాళ్లలో వరుసగా జారవిడిచే యంత్రాన్ని తయారుచేశాడు; వరుసల మధ్య గుర్రం కట్టిన గుంటకతో నేలను గుల్లచేస్తూ కలుపు తీయాలన్న తన వాదాన్ని 1730లలో అచ్చయిన పుస్తకంలో వివరించాడు. ఆ వాదం మీద చర్చ సాగిన దశాబ్దాల్లోనే సాలు పద్ధతి, చల్లుడు పద్ధతి అనే జంట ఏర్పడి, రెండోదానికి బ్రాడ్‌కాస్ట్ అనే పేరు స్థిరపడిందని అనుకోవడం సమంజసం. తెలుగు రైతుకు ఇందులో కొత్త ఏమీ లేదు. కొయ్య గొర్రు, దాని మీద గింజలు పోసే గిన్నె వంటి జడ్డిగం, అక్కడినుంచి గొర్రు పళ్ల వెనక్కి దిగే వెదురు గొట్టాలు, గొర్రు వెంట నడుస్తూ పిడికిలి సందునుంచి గింజలను ఒక్క తీరుగా జడ్డిగంలోకి వదిలే చెయ్యి ఈ నేలకు ఎంతో కాలంగా తెలిసినవే. 1790లలో దక్షిణ భారతంలో ఈ సాధనాన్ని చూసిన కెప్టెన్ థామస్ హాల్‌కాట్ అనే ఆంగ్లేయుడు, సాలు విత్తే నాగలి ఐరోపావారి కొత్త కల్పన అని తాను అంతవరకూ అనుకున్నాననీ, ఇక్కడ అది తరతరాలుగా వాడుకలో ఉందనీ రాశాడు. చరిత్రకారుడు ధరంపాల్ 1971లో వెలువరించిన పుస్తకం ద్వారా ఆ నివేదిక భారతీయ పాఠకులకు తిరిగి అందింది.

గొర్రు ఉన్న నేల కాబట్టే తెలుగులోనూ చల్లుడు పద్ధతికి విడిగా ఒక పేరు ఉంది. వెద అంటే విత్తడం. జల్లడం, చల్లడం ఒకటే. రెండూ కలిస్తే వెదజల్లడం. బ్రాడ్‌కాస్ట్‌కు ఇంతకంటే దగ్గరి తెలుగు మాట లేదు, ఎందుకంటే రెండు మాటలూ ఒకే చేతి కదలికను చూసి రెండు జాతులు విడివిడిగా పెట్టుకున్న పేర్లు. నారు పోసి నాట్లు వేయకుండా నేరుగా గింజలు చల్లి వరి పండించడాన్ని వ్యవసాయ శాఖ కరపత్రాలు నేటికీ ‘వెదజల్లే పద్ధతి’ అనే పిలుస్తాయి.

ఆ కదలికను కాస్త దగ్గరగా చూడవలసి ఉంది. దమ్ము చేసిన మడిలో పలుచగా నీరు ఉంచి, లేదా నీరు తీసేసి బురద తేరుకోనిచ్చి, ఒకరోజు నానబెట్టి మరొక రోజు మండె కట్టగా ముక్కు పగిలిన వడ్లను గంపలో పెట్టుకుని చల్లేవాడు గట్టు దిగుతాడు. పిడికిట్లోకి తీసుకున్న గింజలన్నీ ఒక్కసారిగా జారిపోకుండా, భుజం నుంచి చెయ్యి అర్ధచంద్రంగా తిరుగుతున్నంతసేపూ వేళ్లు కొద్దికొద్దిగా విచ్చుకుంటాయి. చెయ్యి తిరగడం పూర్తయ్యేసరికి పిడికిలి ఖాళీ అవుతుంది, ఆ లోపు ఒక అడుగు పడుతుంది. అనుభవం లేని చెయ్యి మొదట్లోనే వదిలేస్తే కాళ్ల దగ్గర కుప్ప పడి దూరాన నేల ఖాళీగా మిగులుతుంది. అందుకే విత్తనాన్ని రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని మడి పొడవునా, రెండో భాగాన్ని అడ్డంగా నడుస్తూ చల్లడం మంచి పద్ధతి. మొదటి నడకలో తప్పిన చోటును రెండో నడక పట్టుకుంటుంది.

చేలోంచి బయటికి నడిచాక ఈ రెండు మాటలూ వేర్వేరు దారులు పట్టాయి. తెలుగులో పూలు పరిమళాన్ని వెదజల్లుతాయి, చంద్రుడు వెన్నెలను వెదజల్లుతాడు, పొగగొట్టం విషవాయువులను వెదజల్లుతుంది. మనిషి మాటనూ వార్తనూ వెదజల్లాడని అనడం అంతగా వాడుకలో లేదు. ఇంగ్లీషు మాట సరిగ్గా ఆ వార్త వైపే వెళ్లింది. అందువల్ల రేడియో వచ్చినప్పుడు తెలుగువారు వెదజల్లడాన్ని వదిలి, ముందుకు సాగడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి వచ్చిన ‘ప్రసారం’ అనే మాటను తీసుకున్నారు. ప్రసారంలో ప్రవాహం ఉంది, కాని గింజ లేదు. బ్రాడ్‌కాస్ట్‌కు తెలుగు అర్థంగా ఈ ఒక్క మాటనే బట్టీపట్టినవారికి ఆ పదంలోని మొలకెత్తే గుణం కనబడకుండా పోవడానికి కారణం ఇదే.

రేడియోకు ఈ రైతు మాట ఎలా అతికిందో చూస్తే దాని అసలు లక్షణం బయటపడుతుంది. మార్కోనీ కాలంలో తీగలేని తంతి అంటే ఒక చోటినుంచి మరొక చోటికి, ఒకరినుంచి మరొకరికి పంపే సందేశం. అలా పంపినదాన్ని మధ్యలో ఎవరైనా వినగలగడం అప్పట్లో పెద్ద లోపంగా లెక్కకు వచ్చింది. రహస్యం నిలవని సాధనం వ్యాపారానికీ యుద్ధానికీ పనికిరాదని అనుకునేవారు. ఆ లోపమే గుణమని గుర్తించిన రోజున కొత్త మాధ్యమం పుట్టింది. 1920 నవంబరు 2న అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ అనే కేంద్రం అధ్యక్ష ఎన్నికల ఫలితాలను, రిసీవర్ ఉన్న ఎవరైనా వినేలా గాలిలోకి వదిలింది. వినేవారు ఎవరో, ఎందరో, ఎక్కడున్నారో చెప్పేవాడికి తెలియదు. వారినుంచి జవాబు రాదు. అయినా చెప్పడం సాగుతుంది. ఈ పరిస్థితి గంప చంకన పెట్టుకుని గింజలు చల్లే మనిషి పరిస్థితితో అచ్చంగా సరిపోయింది కాబట్టి ఆ మాట అక్కడ కుదురుకుంది. 1922లో బ్రిటన్‌లో ఏర్పడిన కంపెనీ, 1927లో ప్రజా సంస్థగా మారిన తరువాత కూడా, తన పేరు మధ్యలో ఆ మాటనే పెట్టుకుంది. ప్రపంచం దాన్ని బీబీసీ అని పిలుస్తుంది.

భారతదేశంలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ బొంబాయి కేంద్రం 1927 జూలై 23న మొదలైంది. ఆ కంపెనీ 1930లో మూతపడగా ప్రభుత్వం ఆ పనిని చేపట్టింది, 1936లో దానికి ఆల్ ఇండియా రేడియో అనే పేరు వచ్చింది. 1935 నాటికి హైదరాబాదులో నిజాం ప్రభుత్వ ఆధ్వర్యంలో దక్కన్ రేడియో నడుస్తోంది. మద్రాసు కేంద్రం 1938లోనూ, విజయవాడ కేంద్రం 1948లోనూ వచ్చాయి. ఈ చరిత్రలో బ్రాడ్‌కాస్ట్ అనే మాట తిరిగి తన పుట్టినింటికి చేరిన ఘట్టం ఒకటి ఉంది. 1960లలో తంజావూరు ప్రాంతంలో ఏడీటీ 27 అనే కొత్త వరి వంగడం గురించి రైతులు ముఖ్యంగా రేడియో ద్వారా తెలుసుకుని సాగు మొదలుపెట్టారు. ఆ వంగడానికి అక్కడ ‘రేడియో వరి’ అనే పేరే పడింది. గింజలు చల్లే చేతినుంచి రేడియోకు వెళ్లిన మాట, రేడియోనుంచి మళ్లీ గింజగా మడిలోకి దిగిందన్నమాట. బ్రాడ్‌కాస్ట్ అర్థాన్ని పిల్లలకు చెప్పవలసి వచ్చిన ఉపాధ్యాయుడికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఈ మాట ఒంటరిది కాదు. వ్యాప్తిని చెప్పే ఇంగ్లీషు మాటల్లో విత్తనపు వాసన ఉన్నవి మరికొన్ని ఉన్నాయి. పరిశోధన ఫలితాలను, సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా పంచడాన్ని చెప్పే డిసెమినేట్‌లో ‘సెమెన్’ అనే లాటిన్ మాట ఉంది, దానికి విత్తనమని అర్థం. ముందున్న ‘డిస్’ నలుదిక్కులకూ అన్న భావాన్ని ఇస్తుంది. అదే విత్తనం నుంచి వచ్చిన ‘సెమినేరియం’ అంటే నారుమడి. నారుమడిలో మొక్కలను పెంచినట్టు విద్యార్థులను పెంచే చోటు కాబట్టి మత గురువుల శిక్షణాలయాలకు ఆ పేరు వచ్చింది, జర్మన్ విశ్వవిద్యాలయాల మీదుగా అది సెమినార్ అయింది. నేడు వందలమందిని హాల్లో కూర్చోబెట్టి వేదికనుంచి చేసే ప్రసంగాలను సెమినార్ అనడం మాట స్వభావానికి విరుద్ధం. కొద్దిమంది దగ్గరగా కూర్చుని, ఒక్కొక్కరి ఎదుగుదలా కనిపించేలా సాగేదే అసలైన నారుమడి. సీజన్ అనే మాట కూడా లాటిన్‌లో విత్తడాన్ని చెప్పే మాట నుంచి ఫ్రెంచి ద్వారా వచ్చినదే. మొదట అది విత్తే అదను, ఆ తరువాతే ఋతువు. ప్రాపగేట్ అనే క్రియ తోట పనినుంచి వచ్చింది: తల్లి కొమ్మను వంచి మట్టిలో తొక్కి, వేరుపట్టాక వేరు చేసే నేల అంటు వంటి పద్ధతులకు అది పేరు. మత విశ్వాసాన్ని వ్యాప్తి చేయడానికి పోప్ పదిహేనో గ్రెగరీ 1622లో రోములో ఏర్పాటు చేసిన సంఘం పేరులో ఆ క్రియ ఉండటం వల్ల ప్రాపగాండా అనే మాట పుట్టి, కాలక్రమంలో చెడు అర్థాన్ని మూటగట్టుకుంది.

గ్రీకు భాషలో విత్తడాన్ని చెప్పే క్రియ నుంచి డయాస్పొరా వచ్చింది. హెబ్రూ లేఖనాల గ్రీకు అనువాదంలో, స్వదేశం విడిచి చెల్లాచెదురైన యూదులను చెప్పడానికి వాడిన ఈ మాటను ఇప్పుడు ఏ జాతి వలసకైనా వాడుతున్నారు. తెలుగువారి వలసలకు అది బాగా వర్తిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో మారిషస్ చెరకు తోటలకూ, బర్మా రేవులకూ, మిల్లులకూ వెళ్లిన తెలుగు కూలీలు ఎవరో చల్లిన గింజల్లా పడినచోట వేరూనుకున్నారు. అప్పటి గోదావరి జిల్లాలోని కోరంగి రేవునుంచి ఓడ ఎక్కినందువల్ల బర్మాలో వారికి కోరంగీలన్న పేరు నిలిచింది. చల్లిన చెయ్యి మరిచిపోయినా, గింజ తన రేవును మరవలేదు.

వాడుకలో ఈ మాటల మధ్య తేడాను పట్టుకోవడం రాతకోతల్లో చాలా ఉపయోగపడుతుంది. గ్రహీత ఎవరో ఎంచుకోకుండా, ఒకే సమయంలో, జవాబు ఆశించకుండా పంపడం బ్రాడ్‌కాస్ట్. కంప్యూటర్ నెట్‌వర్కులో ఒక యంత్రం తన వర్గంలోని యంత్రాలన్నిటికీ ఒకే సందేశం పంపడాన్ని కూడా ఇందుకే ఆ పేరుతో పిలిచి, ఒక్కదానికే పంపడాన్ని యూనికాస్ట్ అన్నారు. ఒక సంస్థ తన నివేదికను కళాశాలలకు, గ్రంథాలయాలకు, పత్రికలకు క్రమంగా అందజేస్తే డిసెమినేట్ అనాలి. రోగం, పుకారు, మంట, దుప్పటి, రొట్టె మీది వెన్న వీటన్నిటికీ స్ప్రెడ్ సరిపోతుంది. అది అన్ని పనులకూ పనికివచ్చే మాట కాబట్టి ఏ పనినీ ప్రత్యేకంగా చూపించదు. డిఫ్యూజ్‌లో ఉన్నది పోయడం అనే అర్థమున్న లాటిన్ క్రియ. అగరొత్తి పొగలా వ్యాపించేకొద్దీ పలచబడేదాన్ని అది చెబుతుంది. రేడియేట్‌కు మూలమైన ‘రేడియస్’ అంటే బండి చక్రపు ఆకు. నాభినుంచి అన్ని వైపులకూ ఆకులు చాచినట్టు, కేంద్రం తన చోట ఉంటూనే కిరణాలను పంపుతుంది. అందువల్ల ఒక మనిషి ముఖంలోని ఆత్మవిశ్వాసానికి రేడియేట్ సరైన మాట, ఎందుకంటే విశ్వాసం బయటికి ప్రసరించినా ఆ మనిషి దగ్గర తరగదు. గింజ అలా కాదు. పిడికిలి విప్పితే అది చేతిలో మిగలదు. వ్యాకరణం విషయంలో గుర్తుంచుకోవలసింది ఒక్కటే: భూతకాలంలోనూ బ్రాడ్‌కాస్ట్ రూపం మారకపోవడమే మేలు. ‘బ్రాడ్‌కాస్టెడ్’ను నిఘంటువులు ఒప్పుకున్నా, శ్రద్ధగా రాసేవారు దాన్ని వాడరు. రహస్యాన్ని ఊరంతా చాటవద్దని చెప్పే సందర్భంలో ‘డోంట్ బ్రాడ్‌కాస్ట్ ఇట్’ అనడం కూడా ఇంగ్లీషు నుడికారమే, దానికి తెలుగులో దండోరా వేయవద్దనడం సరిగ్గా సరిపోతుంది.

మాట స్వరూపం ఇంతవరకూ తెలిసిన తరువాత, దాన్ని జీవితానికి అన్వయించడం కష్టం కాదు. ఒక విషయాన్ని పదిమందికి చేర్చాలనుకునే వ్యక్తి, అది పిల్లలకు చెప్పే పాఠమైనా, ఆఫీసులో కొత్త పద్ధతైనా, ఊళ్లో వైద్య శిబిరం కబురైనా, ముందుగా తేల్చుకోవలసింది అది వెదజల్లవలసినదా, గొర్రుతో సాళ్లలో వేయవలసినదా, నారుమడిలో పెంచి నాటవలసినదా అన్నది. వైద్య శిబిరం కబురు వెదజల్లదగినది: ఎవరికి అవసరమో ముందుగా తెలియదు, ఒక్క గింజ వృథా అయితే నష్టం లేదు, ఒక్కటి మొలిచినా లాభం. ఆఫీసులో జీతాల లెక్క మారితే ఆ సంగతిని సాలు తప్పకుండా ఎవరికి చెందింది వారికి చేర్చాలి. వీణ వాయించడం, కుట్టుపని, కోడ్ రాయడం వంటి నైపుణ్యాలు నారుమడి లేకుండా ఎదగవు. వాటిని వందమందికి ఒకేసారి వీడియోలో చూపి అందరికీ నేర్పేశామనుకునేవారు, నాట్లు వేయకుండానే కోతలకు ఎదురుచూసేవారు. నేటి మనిషికి వెదజల్లే సాధనం అరచేతిలోకి రావడం వల్ల మూడు పనులకూ ఆ ఒక్క సాధనాన్నే వాడటం అలవాటైంది, కుటుంబాల్లోనూ కార్యాలయాల్లోనూ నేడు కనిపించే అపార్థాల్లో చాలాభాగానికి ఈ అలవాటే మూలమని చెప్పవచ్చు. మరణవార్తను, విడాకుల సంగతిని, దగ్గరివారి జబ్బును మొదటిసారి గ్రూపులో చదివి తెలుసుకున్న బంధువుకు కలిగే నొప్పి, ఆ కబురు సాలులో రాకుండా చల్లుడులో వచ్చినందువల్ల కలిగినదే.

వెదజల్లడమే సరైనదని తేలినప్పుడు రైతు చూసుకునే రెండు విషయాలు అదను, పదును. అదను అంటే సరైన కాలం. పదును అంటే గింజ మొలకెత్తడానికి తగినంత తేమ నేలలో ఉండటం. వినేవారిలో పదును ఉందో లేదో చూడకుండా మాట్లాడేవారు, తొలకరికి ముందే ఎండుదుక్కిలో గింజలు పోసి వాన పడలేదని వాపోయే రైతును పోలినవారు. పరీక్ష అయిపోయి అలసి కూర్చున్న విద్యార్థికి చదువు విలువ గురించి చెప్పడం పదును లేని విత్తు. అదే విద్యార్థి తన తప్పును తానే గుర్తించి ప్రశ్న అడిగిన క్షణం పదునెక్కిన నేల. మరొక మెలకువ నువ్వులు చల్లేవారి దగ్గర ఉంది. నువ్వు గింజ మరీ చిన్నది కాబట్టి దాన్ని విడిగా చల్లితే గుత్తులుగా పడి ఒకచోట ఒత్తుగా, మరొకచోట బోడిగా మొలుస్తుంది. అందుకే విత్తనానికి మూడు రెట్లు ఇసుక కలిపి చల్లుతారు. ఇసుక మొలవదు, పంటకు బలం ఇవ్వదు, అయినా గింజకూ గింజకూ మధ్య చోటు కల్పిస్తుంది. చిక్కని విషయాన్ని చెప్పేవారు కూడా ఉదాహరణ, విరామం, అదే సంగతిని మరో మాటల్లో చెప్పడం వంటి ఇసుకను కలపాలి. గంటలో ఇరవై కొత్త సంగతులు చెప్పిన ఉపన్యాసం కంటే, ఐదు సంగతులను తగిన ఎడంతో చెప్పిన ఉపన్యాసం వినేవారిలో ఎక్కువగా మొలుస్తుంది.

వెదజల్లడంలో ఒక కష్టం ఉంది, దాన్ని ఎంత చెప్పినా ఎక్కువ కాదు. సాళ్లలో విత్తిన చేలో వరుసల మధ్య గుంటక నడుస్తుంది; చల్లిన చేలో నడవదు. జెత్రో టల్ చల్లుడును కాదనడానికి ప్రధాన కారణం గింజ వృథా ఒక్కటే కాదు, కలుపు తీయడానికి దారి లేకపోవడం కూడా. నేటికీ వెదజల్లిన వరిలో రైతును ఎక్కువగా వేధించేది కలుపే, ఎందుకంటే పైరూ కలుపూ ఒకేసారి మొలిచి, ఒకే వయసులో పోటీపడతాయి. అందరికీ పంపిన సందేశంలో తప్పు దొర్లితే జరిగేదీ ఇదే. ఫలానా మందుతో ఫలానా జబ్బు తగ్గుతుందన్న మాట నిజమో కాదో చూసుకోకుండా వెయ్యిమందికి పంపిన వ్యక్తి, మరునాడు అది తప్పని తెలిసి సవరణ పంపినా, మొదటి మాట చేరిన వెయ్యిమందికీ ఆ సవరణ చేరుతుందన్న నమ్మకం లేదు. వారిలో కొందరు ఈలోగా దాన్ని మరికొన్ని చేలకు పంచి ఉంటారు. ఏ గింజ ఎక్కడ పడిందో చల్లినవారికే తెలియదు, కాబట్టి వెనక్కి నడిచి ఏరుకునే దారి ఉండదు. చల్లేముందు గింజను ఏరి, తాలూ కలుపు గింజలూ తీసేయడం ఒక్కటే రైతు చేతిలో ఉన్న పని. ఉప్పునీటిలో వేసి పైకి తేలిన తాలు గింజలను తీసేసినట్టు, చెప్పబోయే మాటను కూడా ఒకసారి పరీక్షకు పెట్టాలి.

ఎవరి నేల అని చూడకుండా విత్తడం మంచిదా, ఎంచుకున్న నేలలోనే విత్తడం మంచిదా అన్న వాదం చాలా పాతది. మత్తయి సువార్త పదమూడో అధ్యాయంలోని విత్తువాని ఉపమానంలో గింజలు దారి పక్కన, రాతినేలలో, ముళ్లపొదల్లో, మంచి నేలలో పడతాయి. కొన్నిటిని పక్షులు తింటాయి, కొన్ని త్వరగా మొలిచి వేరులేక మాడిపోతాయి, మంచి నేలలో పడినవి మాత్రం నూరంతలుగా, అరవైయంతలుగా, ముప్పదంతలుగా ఫలిస్తాయి. ప్లేటో రాసిన ఫీడ్రస్ సంభాషణలో సోక్రటీసు దీనికి భిన్నమైన రైతును చూపిస్తాడు: తెలివైన రైతు పండుగ ముచ్చట కోసం ఎనిమిది రోజుల్లో మొలిచే కుండీల్లో గింజలు వేస్తే వేయవచ్చు గాని, తాను నిజంగా విలువిచ్చే గింజలను తగిన నేలలో విత్తి ఎనిమిది నెలలు ఓపిక పడతాడు. సోక్రటీసుకు రాత కంటే ముఖాముఖి సంభాషణ మిన్న. అది ఎవరితో మాట్లాడాలో, ఎవరితో మౌనంగా ఉండాలో తెలిసినది. ఈ ఇద్దరు రైతుల్లో ఒకరినే ఎంచుకోవలసిన అవసరం లేదు. ఏ నేల మంచిదో ముందుగా నిర్ణయించే హక్కు బోధకుడికి లేదన్న ఉదారత మొదటి రైతులో ఉంది, అది లేకపోతే చదువు కొన్ని ఇళ్లలోనే మగ్గిపోయేది. అందరికీ అందే బడి, గ్రంథాలయం, రేడియో అన్నీ ఆ చెయ్యి చలవే. గింజ పట్ల బాధ్యత రెండో రైతులో ఎక్కువ.

ఆ రెండింటినీ కలిపే పని ఒకటి వెదజల్లే రైతుకు బాగా తెలుసు. చల్లిన రెండు మూడు వారాల తరువాత మడి గట్టు మీద నిలబడితే ఎక్కడ ఒత్తుగా మొలిచిందో, ఎక్కడ ఖాళీ పడిందో కంటికి కనిపిస్తుంది. అప్పుడు మడిలోకి దిగి, ఒత్తుగా ఉన్నచోట మొక్కలను వేళ్లతో సహా తీసి, పలచగా ఉన్నచోట బురదలో గుచ్చుతారు; చల్లిన చెయ్యే వంగి నాట్లు వేస్తుంది. తరగతిలో అందరికీ ఒకే పాఠం చెప్పిన ఉపాధ్యాయుడు రెండు వారాలు గడిచాక ఒక్కొక్కరి పక్కన కూర్చుని ఎవరికి ఏది మొలిచిందో చూసి, బాగా పట్టుకున్న విద్యార్థిని పట్టుకోలేకపోయినవాడి పక్కన కూర్చోబెట్టడం ఆ పనే.